వెయ్యి గజాల తుపాకులు, వాటి నకళ్లు

అనంతపురం ఇనుప సామాను అంగళ్లలో విట్‌వర్త్ బోల్టు అని అడిగితే తీసిచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మెట్రిక్ మరలు వచ్చి ఒక తరం దాటిపోయినా, పాత లేత్‌లకూ పాత ఆయిల్ ఇంజన్లకూ ఆ బి.ఎస్.డబ్ల్యు. (బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్) మరలే పడతాయి. మర గాడి కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, ఫలానా మందం బోల్టుకు అంగుళానికి ఫలానా అన్ని చుట్లు ఉండాలనీ 1841లో తీర్మానించిన మాంచెస్టర్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. పాలిటెక్నిక్‌లో కొలతల శాస్త్రం చెప్పినన్నాళ్లూ ఆయన పేరు పలకకుండా నా పాఠం మొదలయ్యేది కాదు. ఆ మనిషే ఒక తుపాకి కూడా తయారుచేశాడనీ, నూట అరవై ఏళ్లు దాటినా దాని నకళ్లు కొత్తగా తయారవుతూ పోటీల్లో పేలుతున్నాయనీ ఉద్యోగ విరమణ తర్వాత గాని నాకు తెలియలేదు. తుపాకుల మీద మోజు ఉన్నవాణ్ణి కాను. ఎన్‌సీసీలో చేతికిచ్చిన పాయింట్ టూ టూ రైఫిలు తప్ప మరొకటి పేల్చినవాణ్ణీ కాను. అయినా ఈ నకళ్ల సంగతి చదివేకొద్దీ, ఇది తుపాకుల కథకన్నా ముందు కొలతల కథ అని అర్థమై, నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

1850లలో బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చిన తుపాకి ఎన్‌ఫీల్డ్. మన చరిత్ర పుస్తకాల్లో కొవ్వు పూసిన తూటాల పేరుతో 1857 అధ్యాయంలో కనిపించేది అదే. దాని బోరు, అంటే గొట్టం లోపలి అడ్డుకొలత, 0.577 అంగుళం, గొట్టం లోపలి గాడులు 78 అంగుళాల పొడవులో ఒక చుట్టు తిరుగుతాయి. ఆ తుపాకి తయారీని మెరుగుపరచమని ప్రభుత్వం విట్‌వర్త్‌ను సంప్రదించినప్పుడు, ఒక తుపాకి ఎందుకు సూటిగా కొడుతుందో, మరొకటి ఎందుకు కొట్టదో ముందుగా తేల్చనిదే యంత్రాలు గీయనని ఆయన పట్టుబట్టాడు. గాలి తగలకుండా పరీక్షించడానికి తన ఇంటి ఆవరణలోనే 500 గజాల పొడవున కప్పు వేసిన ఒక శాల కట్టించాడు. మొదట కట్టింది తుఫానుకు కూలిపోతే మళ్లీ కట్టించాడు. గుండు ఆకారం, పొడవు, గాడుల మెలి (ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్న లెక్క) ఒక్కొక్కటిగా మార్చుతూ, ఒక అంగుళానికే ఒక చుట్టు తిరిగే గొట్టం దాకా వెళ్లి చూశాడు. అంత మెలి ఎవరికీ అక్కర్లేదని ఆయనకూ తెలిసే ఉంటుంది. కొస ఎక్కడ ఉందో చూడకుండా మధ్యలో గీత గీయకూడదన్న పట్టుదల అది.

ఆ పరీక్షల నుంచి 0.451 అంగుళం బోరు, లోపల ఆరు పలకలుండే గొట్టం, 20 అంగుళాలకు ఒక చుట్టు, సుమారు 530 గ్రెయిన్ల (దాదాపు 34 గ్రాముల) బరువుతో సన్నగా పొడవుగా ఉండే గుండు బయటికొచ్చాయి. ఎన్‌ఫీల్డ్ గుండు కూడా దాదాపు అదే బరువు కావడం ఇక్కడ గమనించవలసిన విషయం. సీసం అంతే, మందూ ఇంచుమించు అంతే. బరువు మార్చకుండా అడ్డుకొలత తగ్గించి పొడవు పెంచడంతో గాలిని చీల్చుకుపోయే గుణం పెరిగింది. అయితే పొడవైన గుండు నెమ్మదిగా తిరిగితే గాలిలో తలకిందులవుతుంది, కాబట్టి మెలి బిగించక తప్పలేదు. గుండు కొలతలను బట్టి ఎంత మెలి కావాలో చెప్పే సులువైన సూత్రాన్ని గ్రీన్‌హిల్ అనే గణిత ఆచార్యుడు 1879లో గాని ఇవ్వలేదు: బోరును బోరుతో గుణించి, 150తో గుణించి, గుండు పొడవుతో భాగించడం. గుండు పొడవు బోరుకు మూడు రెట్లు అనుకుని 0.451కి లెక్క కడితే సుమారు ఇరవై రెండున్నర అంగుళాలకు ఒక చుట్టు అని వస్తుంది. సూత్రం పుట్టకముందే విట్‌వర్త్ ఎంచుకున్న 20 అంగుళాలు దానికన్నా కొంచెం బిగువైనవే. అంటే భద్రమైన వైపే ఉన్నాయి.

1857లో ఇంగ్లండ్‌లోని హైత్ అనే చోట రెండు తుపాకులకూ పోటీ పరీక్ష జరిగింది. 500 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ గుండ్లు సగటున 2 అడుగులకు పైగా చెదిరితే, విట్‌వర్త్ గుండ్లు 5 అంగుళాల లోపే చెదిరాయి. 1400 గజాల వద్ద విట్‌వర్త్ గుండ్లు ఇంకా లెక్కకు అందుతుండగా, ఎన్‌ఫీల్డ్ గుండ్లకు లెక్క కట్టే వీలే లేకపోయింది. అయినా సైన్యం విట్‌వర్త్‌ను తీసుకోలేదు. ధర ఎక్కువన్నది ఒక కారణమైతే, సన్నని బోరులో మసి త్వరగా పేరుకుని గుండు దిగదన్నది మరో కారణం.

ఈ రెండో కారణాన్ని నాకు పుస్తకాలకన్నా బాగా చెప్పినవాడు కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉండే మా పెదనాయన. ఆయన వద్ద శెనక్కాయ చేను కాడ అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్న నాటు తుపాకి ఒకటి ఉండేది. మూతిలో మందు పోసి, గుడ్డ కూరి, రవ్వలు పోసి, గజంతో, అంటే కూరే కడ్డీతో, దట్టించి, గుర్రం (పేల్చే సుత్తి) ఎత్తి పేల్చే రకం. లోపల గాడులు లేని నున్నని గొట్టం. విట్‌వర్త్ సంగతి చెప్పి, వెయ్యి గజాలు కొట్టేదంట పెదనాయనా అంటే ఆయన నమ్మలేదు సరే, అడగవలసిన ప్రశ్న మాత్రం సరిగ్గా అడిగాడు. "అది సరేగానీ అబ్బీ, మూడో ఏటుకు గజం దిగుతాదా? నా తుపాకికే ఈతాకు లావు మసి పడతాది." నల్లమందు గుణమే అంత. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన ఆ మందు మండినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మిగిలింది గొట్టంలో పొర కడుతుంది. యుద్ధంలో సిపాయికి గొట్టం తుడుచుకునే తీరిక ఉండదు. పోటీలో పాల్గొనేవాడికి ఉంటుంది. అందుకే విట్‌వర్త్ లాంటి తుపాకులు సైన్యంలో చేరలేకపోయి, పందెపు మైదానాల్లో రాజ్యమేలాయి.

ఆ రాజ్యం 1860లో వింబుల్డన్‌లో మొదలైంది. అంతకు ముందు ఏడాది ఏర్పడిన బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. ఇనుప దిమ్మె మీద కదలకుండా బిగించి ఉంచిన విట్‌వర్త్ తుపాకి తాడును ఆమె లాగితే, 400 గజాల దూరంలో గుండు నడిబిందువుకు ఒకటింబావు అంగుళం ఎడంలో తగిలింది. రాణి గురి గొప్పదనం ఇందులో ఏమీ లేదు. దిమ్మె బిగించినవాళ్ల గొప్పదనమే. ఆ తర్వాతి ఏళ్లలో మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు లోతు తక్కువ గాడులు, గట్టిపరచిన సీసపు గుండు చాలునని చూపించాడు. ఆయన పద్ధతిలో బ్రిస్టల్‌కు చెందిన గిబ్స్ చేసిన తుపాకులూ, డబ్లిన్‌లో రిగ్బీ చేసిన తుపాకులూ విట్‌వర్త్‌ను పక్కకు నెట్టేశాయి.

రిగ్బీ తుపాకులతో 1873లో బ్రిటన్‌లో గెలిచిన ఐర్లండ్ జట్టు అమెరికా వాళ్లకు సవాలు విసిరింది. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో ఆ పోటీ జరిగింది. ఒక్కో జట్టులో ఆరుగురు. 800, 900, 1000 గజాల దూరాల్లో ఒక్కొక్కరికి పదిహేనేసి ఏట్లు. నడి గుర్తుకు 4 మార్కులు. ఐర్లండ్ వాళ్లవి మూతి నుంచి కూరే తుపాకులు. అమెరికా వాళ్లవి వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. చివరి ఏటు అమెరికా జట్టులోని కల్నల్ బోడైన్‌ది. అప్పటికి ఐర్లండ్ ఒక్క మార్కు ముందుంది. అంతకు కొంచెం ముందే సీసా పగిలి చెయ్యి తెగి, రక్తం కారుతుండగా ఆయన గుడ్డ చుట్టుకుని పేల్చి నడి గుర్తు కొట్టాడు. 934కు 931. ఐర్లండ్ జట్టులోని మిల్నర్ అనే ఆయన అంతకుముందు నడి గుర్తే కొట్టినా, కొట్టింది పక్కవాళ్ల గురిపలకను. దానికి సున్నా పడింది. తేడా మూడు మార్కులు, పోయినవి నాలుగు. ఇప్పటి రైఫిలు తూటాల్లో ఒకదానికి క్రీడ్‌మూర్ అని పేరు పెట్టారంటే ఆ మైదానం ప్రతిష్ఠ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

1880లలో పొగ రాని మందు, రాగి తొడుగు గుండు వచ్చాయి. అప్పటికే, 1881లోనే, షార్ప్స్ కంపెనీ మూతపడింది. ఆ తుపాకులు గోడలకెక్కాయి. మళ్లీ దిగింది 1950ల చివరనే. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండబోతున్నాయని, వాల్ ఫర్గెట్ అనే వ్యాపారి ఇటలీలోని బ్రెషియా ప్రాంతంలో పాత తుపాకుల నకళ్లు చేయించడం మొదలుపెట్టాడు. అక్కడి గార్డోనే వాల్ ట్రోంపియా ఊరికి తుపాకి పని ఐదు వందల ఏళ్ల విద్య. 1957లో అక్కడే మొదలైన పెడెర్సోలి సంస్థ నేడు గిబ్స్, విట్‌వర్త్, రెమింగ్టన్ వారి రోలింగ్ బ్లాక్, షార్ప్స్ అన్నింటికీ నకళ్లు చేస్తోంది. ఇంగ్లండ్‌లో పార్కర్ హేల్ సంస్థ 1970లలో ఎన్‌ఫీల్డ్, విట్‌వర్త్ నకళ్లు చేసింది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్లో షైలో, సి. షార్ప్స్ అనే రెండు సంస్థలు షార్ప్స్ తుపాకులనే చేస్తున్నాయి.

వీటిలో ఏది మంచి నకలు అన్నది అసలు ప్రశ్న. చాలామంది చూసేది కుందా చెక్క రంగు, ఉక్కు మీది నకాషీ, పేరు చెక్కిన తీరు. నేను మాత్రం ముందు గొట్టం లోపలి కొలతలు అడుగుతాను. పైకి ఎన్‌ఫీల్డ్‌ను అచ్చు గుద్దినట్టు ఉండి, లోపల 78 అంగుళాలకు బదులు 48 అంగుళాల మెలి పెట్టిన నకళ్లు ఎన్నో వచ్చాయి. 48 చెడ్డదని కాదు. పొట్టి రకం ఎన్‌ఫీల్డ్‌కు ఆనాడే ఆ మెలి ఉండేది. కానీ పొడుగు ఎన్‌ఫీల్డ్ ఎంత బాగా కొట్టేదో తేల్చుకోవాలని కొన్నవాడికి ఆ తుపాకి సమాధానం చెప్పలేదు. పార్కర్ హేల్ ఈ విషయంలో మెచ్చుకోదగిన పని చేసింది. ప్రభుత్వ భాండారంలో భద్రంగా ఉన్న పాత గేజీలను తెచ్చుకుని వాటి ప్రకారం గొట్టాలు చేసింది. విట్‌వర్త్ నకలుకు ఆరు పలకల కడ్డీని గొట్టంలో దూర్చి, బయటి నుంచి యంత్రపు సుత్తులతో చల్లగానే కొట్టి, లోపలి ఆకారాన్ని రప్పించింది. విట్‌వర్త్ ఆ పని చేసిన పద్ధతి వేరు. పద్ధతి వేరైనా కొలత అదే అయినప్పుడు దాన్ని నకలు అనడానికి నాకు అభ్యంతరం లేదు.

క్రీడ్‌మూర్ పేరుతో అమ్మే షార్ప్స్ నకళ్లలో మరో తమాషా ఉంది. ఆనాటి క్రీడ్‌మూర్ నియమాల ప్రకారం తుపాకి బరువు 10 పౌండ్లు దాటకూడదు. ట్రిగ్గరు 3 పౌండ్ల కన్నా తక్కువ లాగుడుకు పడకూడదు. ముందు ఒకటి నొక్కి రెండోదాన్ని తేలిక చేసే జంట ట్రిగ్గర్లు పనికిరావు. ఇప్పుడు దొరికే వాటిలో చాలా వాటికి బరువైన ఎనిమిది పలకల గొట్టమూ, జంట ట్రిగ్గర్లూ ఉంటాయి. 1990లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా చూసి కొనేవాళ్లు అడిగేది అదే. వాటిలో తప్పేమీ లేదు, ఆనాడు అమెరికాలో దున్నల వేటకు వెళ్లినవాళ్లు అలాంటివే వాడారు. కానీ 1874లో ఆ తుపాకి పట్టుకుని క్రీడ్‌మూర్‌కు వెళ్తే తూకం దగ్గరే వెనక్కి పంపేవారు.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది వాటి వెర్నియర్ సైటు, అంటే గురి చూసే పరికరం. కుందా మెడ మీద నిలువుగా నిలిచే సన్నని పట్టీ, దాని మీద పైకీ కిందికీ జరిగే చిన్న బిళ్ల, బిళ్లలో సూదిబెజ్జమంత రంధ్రం, పక్కన అతి చిన్న కొలతలు చదివే వెర్నియర్ గీతలు. గొట్టం కొసన గొట్టపు ఆకారపు ముందు సైటు, దాని కింద తాపీ మేస్త్రీ రసమట్టానికి బుల్లి చెల్లెలు లాంటిది ఒకటి. ఇవన్నీ అలంకారం కాదని లెక్క కడితే తెలుస్తుంది. సెకనుకు సుమారు 1300 అడుగుల వేగంతో బయల్దేరిన గుండు 1000 గజాలు, అంటే 914 మీటర్లు, చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో గొట్టం చూపిన గీత నుంచి అది 40 మీటర్ల దాకా కిందికి దిగుతుంది. కాబట్టి గొట్టాన్ని అంత పైకి ఎత్తి పేల్చాలి. రెండు సైట్ల మధ్య 34 అంగుళాల ఎడం ఉంటే, వెనుక బిళ్లను సుమారు ఒకటిన్నర అంగుళం పైకి జరపాలి. ఆ బిళ్ల పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయితే వెయ్యి గజాల వద్ద గుండు 26 సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అందుకే అంగుళంలో వందో వంతులు చదివే వెర్నియర్ లేకుండా ఈ ఆట లేదు. రసమట్టం ఎందుకంటే, గొట్టం అంత పైకి ఎత్తి ఉన్నప్పుడు తుపాకి ఒక్క డిగ్రీ పక్కకు వాలినా, ఆ 40 మీటర్లలో అరవయ్యో వంతు, అంటే అర మీటరుకు పైగా, గుండు పక్కకు పోతుంది. మా విద్యార్థులకు వెర్నియర్ కాలిపర్ ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు దొరికి ఉంటే బాగుండేది.

ఇక గాలి. ఆషాఢ మాసంలో రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే తీరు చూసినవాళ్లకు గాలి బలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. గుండును గాలి పక్కకు నెట్టే దూరం అది గాలిలో ఉన్న సమయాన్ని బట్టి కాక, గాలి అడ్డు వల్ల జరిగిన ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. మొదటి వేగమే చివరి దాకా నిలిచి ఉంటే 3000 అడుగులకు 2.3 సెకన్లు చాలు. పట్టింది 3 సెకన్లకు కొంచెం పైన కాబట్టి ఆలస్యం ముప్పావు సెకను. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ముప్పావు సెకనులో ప్రయాణించే దూరం 3 మీటర్లకు పైమాటే. గుండు అంత పక్కకు పోతుంది. గంటకు 16 కిలోమీటర్ల గాలి అంటే మా జిల్లాలో గాలే కాదు. వెయ్యి గజాల పోటీలో జెండాలు, మిరాజు (ఎండకు నేల మీద అలలాడే గాలి) కదలిక చూసి గాలిని చదవడమే సగం విద్య అంటారు. ఈ లెక్క చూశాక అది సగానికన్నా ఎక్కువే అనిపించింది.

అమెరికాలో కూతురింటికి వెళ్లినప్పుడు అల్లుడి సహోద్యోగి ఒకాయన ఇటాలియన్ షార్ప్స్ నకలుతో సాధన చేయడం చూశాను. విజిటర్ వీసా మీద వెళ్లినవాడు, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ తుపాకి పట్టకూడదు కనుక నేను వెనుక కుర్చీలో కూర్చుని చూడటంతోనే సరిపెట్టుకున్నాను. ఆయన తూటాలు తానే చేసుకుంటాడు. ఇరవై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి గుండ్లు పోత పోసి, ఒక్కొక్కటి తూచి, బరువు తేడా ఉన్నవి మళ్లీ కరిగిస్తాడు. ప్రతి ఏటు తర్వాత సన్నని రబ్బరు గొట్టం ఒకటి వెనుక నుంచి బోరుకు అమర్చి, నోటితో నిదానంగా ఊదుతాడు. ఊపిరిలోని తడికి మసి మెత్తబడి, తర్వాతి గుండుకు గొట్టం ఒకే తీరుగా ఉంటుందట. మా పెదనాయన అడిగిన ప్రశ్నకు అదే జవాబు. పేలినప్పుడు తెల్లని పొగ కమ్మి, అది తొలగే లోపే దూరాన ఇనుప పలక టంగుమనడం వినిపించింది.

ఇక్కడి వాళ్లు కొందరు మనమూ ఒకటి చేయించుకోవచ్చు కదా అని అడిగారు. కూడదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి చేయడమే కాదు, దాని భాగాలు చేయడమూ నేరమే. పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకికి, రక్షణకు లేదా ఆటకు 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలో ఉంది. గాడులున్న రైఫిలు సంగతి వేరు. 2019 సవరణ తర్వాత ఒక్కరి వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే ఉన్నవి కూడా పోలీసు స్టేషనులో అప్పగించవలసిందేనని మా సీమలో లైసెన్సున్న ప్రతివాడికీ తెలుసు.

అందువల్ల ఈ మాట అమెరికాలో స్థిరపడి, చట్టప్రకారం కొనగలిగే మన పిల్లల కోసం. ఇద్దరు ముగ్గురు ఏది కొనమంటారని అడిగారు. మొదటిసారే విట్‌వర్త్ నకలు జోలికి పోవద్దు. ఆరు పలకల గుండ్లకు వేరే అచ్చు కావాలి, ఏటుఏటుకూ తుడవాలి. పాయింట్ ఫార్టీ ఫైవ్ సెవెంటీ తూటాకు చేసిన షార్ప్స్ గానీ రోలింగ్ బ్లాక్ గానీ తీసుకోండి. ఆ తూటా 1873 నుంచి ఉంది, సామగ్రి సులభంగా దొరుకుతుంది. మెలి 18 అంగుళాలకు ఒక చుట్టు ఉందో లేదో అడగండి; పాత సైనిక తుపాకిలో అది 22, కానీ పొడవైన పోటీ గుండ్లకు 18 మేలు. చెక్క మీద నకాషీకి పెట్టే డబ్బు మంచి వెర్నియర్ సైటు మీద పెట్టండి. కొన్నాక బోరు కొలతను పెట్టె మీద ముద్రించింది చూసి నమ్మకుండా, మెత్తని సీసపు గుండును గొట్టంలోంచి గజంతో నెట్టి, బయటికొచ్చినదాన్ని మైక్రోమీటరుతో కొలిచి, గుండ్ల అచ్చు దాన్ని బట్టి తెప్పించుకోండి.